ఏజెంట్లు లేని పోలింగ్ బూత్: హనోయ్‌లో అయిదు రోజులు

మే 20, 2016, శుక్రవారం: పాత హనోయ్ గల్లీలు

మేం దిగిన హోటల్ కౌంటర్ దగ్గరి కుర్రాడు పాస్‌పోర్టుల కంటే ముందు మా వయసులు అడిగాడు. నాకు యాభై రెండు, మా ఆవిడకు నలభై ఏడు అని చెప్పాను. కాసేపు లెక్క కట్టుకుని నన్ను ‘బాక్’ అన్నాడు, ఆవిణ్ణి ‘కో’ అన్నాడు. వియత్నాం భాషలో ఊరికే నువ్వు, మీరు అనడానికి లేదట, వరస కలవాలి. వాళ్ళ నాన్నకు యాభై, కాబట్టి నేను పెదనాన్న. ఆవిడ వాళ్ళ నాన్న కంటే చిన్నది, కాబట్టి మేనత్త.

“పెదనాన్న పెళ్ళాం మేనత్త ఎట్లయితది?” అని మా ఆవిడ తెలుగులోనే అడిగింది. నేను ఇంగ్లిష్‌లో చెప్పేసరికి వాడు నాలిక్కరుచుకుని ఆవిణ్ణి కూడా ‘బాక్’ చేసేశాడు. పెద్దమ్మకూ అదే మాట.

వియత్నాం స్వాతంత్ర్య నాయకుడు హో చి మిన్‌ని వాళ్ళు ‘బాక్ హో’ అంటారు. ఇంగ్లిష్ పుణ్యమా అని మనం అంకుల్ హో అని రాసుకున్నాం గానీ అసలు మాట పెదనాన్న. ఖమ్మంలో మా నాన్న గదిలో ఆయన బొమ్మ ఉండేది. ఏదో పాత క్యాలెండర్‌లోంచి కత్తిరించి ఫ్రేము కట్టించుకున్నాడు. చిన్నప్పుడు ఆ పల్చటి గడ్డం చూసి మా తాత బొమ్మే అనుకునేవాణ్ణి. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఈ ప్రయాణం సగం ఆ బొమ్మ కోసం, సగం వేసవి సెలవుల కోసం.

ఎన్నికలున్నాయని తెలియకుండానే దిగాం. వీధిలోకి రాగానే చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎర్ర గుడ్డలు, వాటి మీద పసుపు అక్షరాలు. కుర్రాడు చదివి చెప్పాడు: ‘ఓటు వేయడం పౌరుల హక్కు, బాధ్యత’, ‘ఎన్నికల రోజు ప్రజలందరి పండుగ’. 22 ఆదివారం పోలింగ్. 14వ జాతీయ అసెంబ్లీకి, దాంతోపాటే రాష్ట్రం, జిల్లా, వార్డు స్థాయి ప్రజా మండళ్ళకు. అంటే ఒక్కో ఓటరుకు నాలుగు చీటీలు.

నేను లెక్కల టీచర్ని. మార్చి 6న ఖమ్మం కార్పొరేషన్ ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ చేసి రెండున్నర నెలలే అయింది. ముందురోజు సామగ్రి పంచే చోట క్యూలు, రూట్ బస్సు, రాత్రి బడి బెంచీల మీద నిద్ర, తెల్లవారుజామున మాక్ పోల్ టెన్షన్, అన్నీ ఇంకా ఒంట్లోనే ఉన్నాయి. “మీ డ్యూటీ ఈడిదాకా వచ్చింది పో” అంది మా ఆవిడ.

సాయంత్రం హోన్ కియెం చెరువు చూద్దామని బయల్దేరి దారి తప్పాం. పాత ఊళ్ళో ఒకే వీధికి వంద అడుగులకోసారి పేరు మారుతుంది. ‘హాంగ్’ అంటే సరుకు. వెండి అమ్మితే హాంగ్ బాక్, పూజల్లో కాల్చే కాగితపు సామాను అమ్మితే హాంగ్ మా. చెరువు బదులు రేకు పనివాళ్ళ హాంగ్ థియెక్‌లో తేలాం. ఫుట్‌పాత్ మీదే కూర్చుని రేకు కొడుతున్నారు, చెవులు దిమ్మెక్కిపోయాయి. రోడ్డు దాటడం ఇంకో విద్య. ఆగకూడదు, పరిగెత్తకూడదు, వెనక్కి అసలు రాకూడదు. ఒకే నడకన మెల్లగా పోతుంటే మోటార్ సైకిళ్ళే మనల్ని చుట్టుకుని పోతాయి. మా ఆవిడ రెండో ప్రయత్నానికే నేర్చుకుంది, నాకు నాలుగు రోజులు పట్టింది.

అక్కడే ఓ ముసలావిడ దగ్గర ‘చా దా’ తాగాం. ఐసు వేసిన పచ్చటి చేదు టీ. పిల్లల కుర్చీలంత ప్లాస్టిక్ స్టూళ్ళు. గ్లాసు 3,000 డాంగ్‌లు. మూడు సున్నాలు తీసేసి మూడుతో గుణిస్తే మన రూపాయలొస్తాయి, అంటే తొమ్మిది రూపాయలు. లెక్కల టీచర్నే, అయినా తప్పు చేశాను. 20,000 నోటూ నీలమే, 500,000 నోటూ నీలమే, రెండింటి మీదా పెదనాన్న బొమ్మే. ఇరవై అనుకుని అయిదు లక్షలది చేతిలో పెట్టి, ఇచ్చిన చిల్లర జేబులో వేసుకుని నడిచాను. పది అడుగులు వేశామో లేదో వెనక నుంచి కేకలు. ఆవిడ నోటు పైకెత్తి ఊపుకుంటూ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. మన లెక్కలో పదిహేను వందలు. చిల్లర వెనక్కి తీసుకుని, సరైన నోటు నా పర్సులోంచి తనే ఏరుకుని, రెండు నోట్లూ పక్కపక్కన పెట్టి నన్ను బడిపిల్లాణ్ణి చేసి పాఠం చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ తిట్టిందని మాత్రం తెలిసింది.

మే 21, శనివారం: పున్నమి భోజనం, బా దిన్ మైదానం

పొద్దున్నే వీధి స్తంభం మీది మైకు లేపింది. ప్రతి వార్డుకీ ఇలాంటి మైకులున్నాయట, పొద్దునా సాయంత్రం ఊరి కబుర్లు చెబుతాయి. ఆ రోజు కబురంతా ఎన్నికలే. మధ్యలో పాట, మళ్ళీ ఆడగొంతు. “ఏమంటోంది?” అని కుర్రాణ్ణి అడిగితే, “రేపు పొద్దున్నే రమ్మంటోంది, నాలుగు రోజులుగా అదే” అన్నాడు నిద్రమొహంతో.

హో చి మిన్ సమాధి పొద్దుటి పూటే తెరుస్తారు. నిక్కర్లు వేసుకున్న ఇద్దరు ఫారిన్ కుర్రాళ్ళను గేటు దగ్గరే ఆపేశారు. లోపల జేబులో చెయ్యి పెట్టుకున్నా కాపలా సైనికుడు వచ్చి తీయమని సైగ చేస్తాడు. నాకూ చేశాడు. గాజుపెట్టెలో ఆయన పడుకుని ఉన్నాడు, అదే గడ్డం. లైను ఆగదు కాబట్టి చూసింది నిమిషం కూడా లేదు. తనను దహనం చేయమనీ, బూడిద మూడు మట్టిపాత్రల్లో పెట్టి దేశం ఉత్తరాన, మధ్యన, దక్షిణాన ఉంచమనీ ఆయన వీలునామా రాసుకున్నాడు. 1969లో పోయాడు. రాసుకున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి. బయటికొచ్చాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “పాపం, పడుకోనియ్యరాదు?” అంది.

సమాధికి ఎదురుగా, బా దిన్ మైదానానికి ఆ వైపున జాతీయ అసెంబ్లీ కొత్త భవనం. 2014లో తెరిచారు. 1945 సెప్టెంబర్ 2న ఇదే మైదానంలో స్వాతంత్ర్యం ప్రకటించారు. నాలుగు నెలలకు, 1946 జనవరి 6న, మొదటి ఎన్నికలు. అసెంబ్లీకి ఇప్పుడు 500 స్థానాలు, ఏడాదికి రెండు సమావేశాలు. ఎండ దంచేస్తోంది, మైదానంలో నీడ లేదు. చుట్టుపక్కల వీధుల్లో మాత్రం మన తురాయి చెట్లే ఎర్రగా పూసి ఉన్నాయి. ఖమ్మంలో కూడా ఇప్పుడు ఇలాగే పూసి ఉంటాయి.

మా ఆవిడ శాకాహారి. నాకు పేచీ లేదు. వచ్చిన రోజు రాత్రి ఆవిడకు దొరికింది వెల్లుల్లి వేసి వేయించిన ఆకుకూర, అన్నం. తీరా చూస్తే అది మన చెరువుల్లో పెరిగే తూటికూర. అందులోనూ చేపల సాస్ తగిలించారేమోనని సగం వదిలేసింది. కానీ ఈ శనివారం బుద్ధపూర్ణిమ. అక్కడి లెక్కలో కూడా నాలుగో నెల పదిహేనో రోజు. పున్నమికీ నెల మొదటి రోజుకీ చాలామంది మాంసం ముట్టరట. క్వాన్ సూ గుడి దగ్గర జనం కిటకిటలాడుతున్నారు, అగరొత్తుల పొగ, తామరపూల బుట్టలు. పసిబుద్ధుడి విగ్రహం మీద గరిటెతో నీళ్ళు పోస్తూ వరసలో నడుస్తున్నారు. మేమూ పోశాం. పక్క సందులో ‘కొమ్ చాయ్’ అన్న బోర్డు. చాయ్ అంటే శాకాహారం, టీ కాదు. అన్నం, టోఫు, పుట్టగొడుగులు, పనసకాయ కూర, ఇద్దరికీ కలిపి 90,000 డాంగ్‌లు, అంటే 270 రూపాయలు. వచ్చాక మా ఆవిడ కడుపు నిండా తిన్నది ఆ పూటే.

సాయంత్రం కుర్రాడు మమ్మల్ని సందు మొగలో ఉన్న అద్దాల బోర్డు దగ్గరకు తీసుకెళ్ళాడు. అభ్యర్థుల ఫోటోలు, ఒక్కొక్కరి కింద ఒక కాగితం నిండా జీవిత చరిత్ర. చదువు, ఉద్యోగం, కమ్యూనిస్టు పార్టీలో చేరిన తేదీ. అక్కడున్నది ఆ ఒక్క పార్టీయే. అందరి ఫోటోలూ ఒకే సైజు. ఎవరికీ గుర్తు లేదు, రంగు లేదు. ఇంటి గోడల మీద పోస్టర్ లేదు, ఆటోకు కట్టిన మైకు లేదు. మూడు స్థానాలకు అయిదుగురు.

“అయిదుగురూ ఒకే పార్టీనా?”

“దాదాపు. పార్టీలో లేనివాళ్ళు కూడా ఉంటారు. ఎవరైనా సరే ఫాదర్‌ల్యాండ్ ఫ్రంట్ వాళ్ళ సమావేశాల్లో మూడు విడతలు గట్టెక్కాలి” అన్నాడు. ఫ్రంట్ అంటే పార్టీ గొడుగు కింద నడిచే ప్రజాసంఘాల కూటమి. సొంతంగా నామినేషన్ వేయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ఈసారి దేశం మొత్తం మీద నూటయాభై మందికి పైగా అలా వేస్తే చివరి జాబితాలో మిగిలింది 11 మంది. జాబితాలో ఉన్నవాళ్ళంతా కలిపి 870. ముందు పనిచేసే చోటా, నివాసం ఉండే వీధిలోనూ ఓటర్ల సమావేశం పెట్టి చేతులెత్తిస్తారు. ‘న్గుయెన్ క్వాంగ్ ఆ’ అనే ఆర్థికవేత్త అలాంటి సమావేశం దగ్గరే ఆగిపోయాడు. గాయని మాయ్ ఖోయ్ కూడా జాబితాకెక్కలేదు. ‘పార్టీ నిలబెడుతుంది, జనం ఓటేస్తారు’ అని అక్కడ సామెతలా వాడే మాట ఒకటుందట. కుర్రాడు దాన్ని ఎంత మామూలుగా చెప్పాడంటే, వర్షాకాలం కదా, వానొస్తుంది అన్నట్టు.

ప్రచారం ఎలా ఉంటుందో వాళ్ళ నాయనమ్మ చెప్పింది. ఆవిడకు ఎనభై మూడు. వార్డు హాల్లో మీటింగు పెడితే వెళ్ళిందట. అభ్యర్థులందరూ ఒకే బల్ల వెనక వరసగా కూర్చున్నారు, ఒకే ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు లేచి కాగితం చూసి చదివారు. ఆవిడ మురుగుకాల్వ గురించి అడిగింది. అయిదుగురూ రాసుకున్నారట.

మే 22, ఆదివారం: పోలింగ్

ఆరింటికే మైకులో బ్యాండు సంగీతం. టిఫిన్‌కి ‘సోయ్ సెయో’ తెచ్చుకున్నాం. పసుపు వేసిన జిగురు బియ్యం అన్నం మీద ఉడికించిన పెసరపప్పు ముద్దను కత్తితో పల్చగా తరిగి చల్లి, వేయించిన ఉల్లిపాయలు వేసి ఆకులో కట్టి ఇస్తారు. పైన కాస్త కొవ్వు నూనె చిలకరిస్తుంటే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. 10,000 డాంగ్‌లు. నెయ్యి లేని పొంగలి అనుకోండి.

బూత్ మా సందు చివర వార్డు హాల్లో. విదేశీయులం కాబట్టి గేటు దగ్గర ఎర్రపట్టీ కట్టుకున్న పెద్దాయన నవ్వుతూనే అడ్డం నిలబడ్డాడు. ఎదురుగా టీ బండి ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉండటంతో అక్కడి నుంచి లోపల సగం కనబడుతోంది. రెండు టీలు చెప్పి కూర్చున్నాం. ప్రిసైడింగ్ ఆఫీసర్ చూపు ఊరికే ఉండదు కదా, ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయాను.

ఏడింటికి ముందు జెండా పాట, అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత ఓటర్ల ముందే ఖాళీ పెట్టె తెరిచి చూపించి సీలు వేశారు. మనమూ అంతే. ఎర్రగుడ్డ చుట్టిన పెట్టెకు రెండు పక్కలా తెల్లచొక్కాలు, ఎర్ర రుమాళ్ళు కట్టుకున్న బడిపిల్లలిద్దరు కాపలా. ఎవరైనా చీటీ వేయగానే చెయ్యెత్తి సెల్యూట్ కొడుతున్నారు. వాళ్ళలో ఒకడికి మధ్యలో తుమ్మొచ్చింది, ఎక్కడ తుమ్మాలో తెలీక పెట్టె వెనక్కి వంగాడు. వీధిలో అందరికంటే పెద్దాయనతో మొదటి ఓటు వేయించారు. వెల్వెట్ ఆవ్ జాయ్, అంటే అక్కడి సంప్రదాయ పొడుగు గౌను, వేసుకుని, ముత్యాల దండతో వచ్చిన ముసలమ్మలు ఆయన వెనక. మన దగ్గర పెళ్ళికి వెళ్ళినట్టు.

గోప్యత గదులు ప్లైవుడ్‌వి, మనవి అట్టపెట్టెలవి. జాబితా ఉంది, పెన్నులున్నాయి, ఓటరు కార్డు మీద ‘ఓటు వేశారు’ అని ముద్ర కొట్టేవాళ్ళున్నారు. కానీ ఏదో తక్కువైందని అనిపిస్తూనే ఉంది. ఎంతకీ తెలియలేదు. రెండో టీ సగం అయ్యాక తట్టింది: ఏజెంట్లు లేరు.

మన బూత్‌లో నా బల్ల పక్కన ఓ బెంచీ మీద నలుగురైదుగురు ఇరుక్కుని కూర్చుంటారు. ఒక్కో పార్టీ నుంచి ఒకడు. చేతిలో ఓటర్ల జాబితా, చెవిలో పెన్ను. వచ్చిన ప్రతివాడి మొహం చూసి, “సార్, ఈయన ఆ ఇంటాయన కాదు, వాళ్ళ తమ్ముడు” అని లేస్తారు. డబ్బు కట్టి ఛాలెంజ్ చేస్తారు. మధ్యాహ్నానికి వాళ్ళ గొడవతో నాకు తలనొప్పి. గత మార్చిలో ఒకాయన్ని బయటికి పంపేస్తానని బెదిరించాను కూడా. ఇక్కడ ఆ బెంచీ లేదు. ఎవరి తరఫున ఎవరు కూర్చుంటారు? ఓట్ల లెక్కింపు చూడటానికి అభ్యర్థులు కాని ఇద్దరు ఓటర్లను పిలవాలని మాత్రం చట్టంలో ఉందట.

ఎనిమిదిన్నరకు నాయనమ్మ బయల్దేరింది, నల్ల పట్టు పాంటు, జేబులో కళ్ళజోడు. ఇంట్లో నలుగురు ఓటర్లు. ఆవిడ చేతిలో నాలుగు కార్డులు.

“నువ్వెళ్ళవా?” అని కుర్రాణ్ణి అడిగాను.

“నాయనమ్మ వేస్తుంది.”

“నీది కూడా?”

“అందరివీ. ఒకరొస్తే చాలు, పోలింగ్ శాతం పూర్తవ్వాలి కదా, వార్డు వాళ్ళకు కూడా తొందరే.” రాకపోతే వీధి పెద్ద వచ్చి తలుపు కొడతాడట. చట్టం ప్రకారం ఒకరి ఓటు ఇంకొకరు వేయకూడదని వాడికీ తెలుసు. నాకు మాత్రం చెమటలు పట్టాయి. మన దగ్గర ఇది రీపోలింగ్ వ్యవహారం, సస్పెన్షన్ వ్యవహారం. ఇక్కడ వాడు టీలో ఐసు ముక్క నములుతూ చెబుతున్నాడు.

పావుగంటలో ఆవిడ తిరిగొచ్చింది. పదహారు చీటీలు వేసి వచ్చిన మనిషి కూరలకు వెళ్ళొచ్చినట్టే ఉంది. ఎలా వేస్తారో బల్ల మీద వేలితో గీసి చూపించింది. ఓటు వేయాల్సిన వాళ్ళ పక్కన టిక్కు పెట్టరు. అక్కర్లేని వాళ్ళ పేరు అడ్డంగా కొట్టేస్తారు. ముగ్గురు కావాలి, కాబట్టి కనీసం ఇద్దర్ని కొట్టాలి. నలుగుర్ని మిగిల్చితే చెల్లదు. మరీ పెద్ద పదవిలో ఉన్నాయన పేరు ఒకటుంటే, మిగతావాళ్ళలో ఎవర్ని కొట్టాలన్నదే ఎన్నిక అని కుర్రాడు మధ్యలో అన్నాడు. ఆవిడ వాడి మోకాలి మీద ఒక్కటిచ్చింది.

1946 సంగతి అడిగాను. అప్పుడు ఆవిడకు పదమూడేళ్ళు. వాళ్ళ నాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్ళడం గుర్తుందట. అప్పుడు ఖాళీ చీటీ మీద ఓటరే పేర్లు రాయాలి, చదువు రానివాళ్ళకు రాసిపెట్టడానికి బూత్‌లో మనుషులుండేవాళ్ళు. హనోయ్‌లో హో చి మిన్‌కు 98.4 శాతం ఓట్లొచ్చాయి.

“అప్పుడు రాసేవాళ్ళం, ఇప్పుడు కొట్టేస్తున్నాం” అంది. ఇందులో ఎత్తిపొడుపు ఉందా అని ఆవిడ మొహం చూశాను. లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే.

ఆవిడ కళ్ళు మా ఆవిడ ఎడమచేతి చూపుడువేలు మీద పడ్డాయి. గోరు మధ్యలో నల్లటి గీత. తలుపు సందులో నలిగిందా అని అడిగిందట. మార్చి 6న పెట్టిన సిరా అది, గోరుతో పాటు పైకి ఎక్కుతోంది. రెండోసారి వేయకుండా పెడతారని చెప్పించాను. నాయనమ్మ ఆ వేలు పట్టుకుని రుద్ది చూసింది. పోలేదు. “రెండోసారి ఎందుకు వేస్తారు?” అని అడిగింది. ఆ ప్రశ్న కుర్రాడు నాకు చెప్పి, తనే నవ్వేశాడు. కార్పొరేటర్ సీటు కోసం మన గల్లీలో ఏమేం పంచుతారో, ముందురోజు రాత్రి ఎన్ని తలుపులు కొడతారో చెప్పాను. ఇక్కడ డబ్బులు పంచరా అంటే, ఆవిడకు అర్థం కావడానికి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. “ఎవరు ఎవరికి?” అంది.

పదిన్నరకల్లా బూత్ ఖాళీ. ఏడింటిదాకా తెరిచే ఉండాలి కాబట్టి సిబ్బంది పుచ్చగింజలు కొరుకుతూ కూర్చున్నారు. ఓ ఇద్దరు చిన్న పెట్టె ఒకటి మోటార్ సైకిల్ మీద పెట్టుకుని మంచం పట్టిన వాళ్ళ ఇళ్ళకు బయల్దేరారు. అది మాత్రం బాగుంది. నా బూత్‌కి పోయినసారి కోడలు భుజాన మోసుకొచ్చిన ముసలాయన గుర్తొచ్చాడు.

సాయంత్రం మేం తెచ్చుకున్న ఉసిరికాయ పచ్చడి డబ్బా తీశాం. నాయనమ్మ వేలితో నాకి, కళ్ళు మూసుకుని, నీళ్ళ కోసం చెయ్యి చాపింది. కాసేపటికి మళ్ళీ అదే డబ్బా వైపు చెయ్యి.

మే 23, సోమవారం: అందరూ ఒబామా మీదే

పొద్దున పేపర్లో ఎన్నికల ఫోటోలు, పెట్టెలో చీటీలు వేస్తున్న నాయకులు. కానీ ఊళ్ళో ఒక్కడూ వాటి గురించి మాట్లాడలేదు. రాత్రి ఒబామా దిగాడు. బ్యారికేడ్లు, ఆగిపోయిన ట్రాఫిక్, రోడ్డు పక్కన జెండాలు పట్టుకున్న జనం. ఓటుకి రాని కుర్రాడు ఒబామా కాన్వాయ్ కోసం రెండు గంటలు ఎండలో నిలబడి, మెరుపులా పోయిన నల్ల కారు వీడియో తీసుకొచ్చి పదిమందికి చూపించాడు.

ఆ రోజే వియత్నాంకు అమెరికా ఆయుధాల అమ్మకంపై ఉన్న నిషేధం ఎత్తేస్తున్నట్టు ఒబామా ప్రకటించాడు. అసెంబ్లీ అధ్యక్షురాలు న్గుయెన్ థి కిమ్ న్గాన్‌తో కలిసి హో చి మిన్ ఇంటి పక్క చెరువులో చేపలకు మేత వేశాడు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆవిడ. మార్చి ఆఖర్లోనే ఎన్నికైంది, అంటే కొత్త అసెంబ్లీ ఎన్నికలకు ముందే. టీవీలో చేపల దృశ్యం వచ్చినప్పుడు హోటల్లో ఎవరో గట్టిగా ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఏమిటని అడిగితే కుర్రాడు గొంతు తగ్గించాడు. ఏప్రిల్లో మధ్య వియత్నాం తీరాన చేపలు గుట్టలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మే నెల ఆదివారాల్లో జనం నిరసనగా వీధుల్లోకి వచ్చారు. అందుకే మా సందు హోటల్లో సముద్రపు చేప అడిగితే చేతులడ్డంగా ఊపేవాళ్ళు. ఆ రెండు రోజులూ నా ఫోన్లో ఫేస్‌బుక్ తెరుచుకోలేదు. సిగ్నల్ లేదేమోనని రెండుసార్లు ఫోన్ ఆపి వేశాను. “సిగ్నల్ కాదు బాక్” అన్నాడు, అంతకుమించి చెప్పలేదు.

రాత్రి ఒబామా లె వాన్ హూ వీధిలో బున్ చా తినడానికి వచ్చాడు. టీవీ వంటల ఆయన ఆంథొనీ బౌర్డెయిన్ తోడు. నీలం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని తిన్నాడు, ఇద్దరికీ కలిపి బిల్లు ఆరు డాలర్లు. మేం ఆ వీధి మొగదాకా పోయి జనం వెనక ఇరుక్కుపోయి ఏమీ చూడకుండా వెనక్కొచ్చాం. ఇంకో సందులో 35,000 డాంగ్‌లకి నేను బున్ చా తిన్నాను. బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం ముక్కలు తియ్యటి పులుసులో తేలుతుంటాయి, పక్కన చల్లటి సేమియా, బుట్టెడు ఆకులు. అందులో ముంచుకుని తినాలి. వీళ్ళు ప్రతిదాంట్లో కాస్త పంచదార వేస్తారు, అదొక్కటే నాకు కుదరలేదు. మా ఆవిడ ఉత్త సేమియాలో పచ్చడి కలుపుకుంది.

మర్నాడు ఒబామా కొందరు సామాజిక కార్యకర్తలతో సమావేశమయ్యాడు. నామినేషన్ ఆగిపోయిన మాయ్ ఖోయ్ వెళ్ళగలిగింది, న్గుయెన్ క్వాంగ్ ఆని మాత్రం పొద్దున్నే కారులో ఎక్కించుకుని ఊరవతల తిప్పారట. ఆ సంగతి ఇంటికొచ్చాక చదివాను.

మే 24, మంగళవారం: బాత్ చాంగ్

లాంగ్ బియెన్ నుంచి 47 నంబరు సిటీ బస్సు, టికెట్ 7,000 డాంగ్‌లు. నది దాటి గంటలోపే కుమ్మరుల ఊరు. ముందు స్టాపులోనే దిగిపోయి కిలోమీటరున్నర నడిచాం. ఊరి పేరు మేం పలికినట్టు అక్కడ ఎవరూ పలకరు. కండక్టర్‌కి కాగితం మీద రాసి చూపించి ఉంటే సరిపోయేది.

ఇటుక గోడలకు బొగ్గు పిడకలు ఆరబెట్టిన పాత సందులు. ఒకావిడ చక్రం మీద గిన్నె తిప్పుతూ, బొటనవేలితో అంచు ఒత్తి, మా ఆవిడను కూర్చోమంది. ఆవిడ చేసిన గిన్నె ఒక పక్కకి ఒరిగింది. దాన్ని కూడా కాల్చి పంపిస్తామన్నారు. వద్దన్నాం. పసుపు చేప బొమ్మ వేసిన ఆరు టీ కప్పులు 120,000 డాంగ్‌లకు కొన్నాం. బేరం ఆడితే ఆవిడ తగ్గించలేదు గానీ ఏడో కప్పు ఊరికే ఇచ్చింది. ఊరి మధ్య ఎర్ర బ్యానర్లు దించుతున్నారు. ఒకడు నిచ్చెన మీద, ఇంకొకడు కింద నుంచి గుడ్డ మడతపెట్టి సంచిలో వేస్తున్నాడు. తేదీ ఉన్న భాగం విడిగా కుట్టి ఉంది, దాన్ని ఊడదీసి పక్కన పెట్టాడు. మిగతాది ఇంకోసారికి పనికొస్తుంది.

ఖమ్మం, జూన్ 10

సోమవారం బడులు తెరుస్తారు. దాని కంటే ముందు ఇది రాసేద్దామని కూర్చున్నాను. మొన్న 8న అక్కడ ఫలితాలు ప్రకటించారు. 500 స్థానాలకు 496 మంది గెలిచారు. పార్టీలో లేనివాళ్ళు 21. సొంతంగా నిలబడ్డ 11 మందిలో ఇద్దరు నెగ్గారు. పోలింగ్ 99.35 శాతం.

ఏడు కప్పుల్లో ఒకటి విమానంలోనే పగిలింది. నాన్న ఫ్రేము కింద ఒక కప్పు పెట్టింది మా ఆవిడ, అందులో అగరొత్తులు గుచ్చుతోంది.

ఆ శాతం చూసి కుర్రాడికి మెసేజ్ పెట్టాను. “నీ ఓటు కూడా లెక్కలోకి వచ్చింది, సంతోషం. మీ నాయనమ్మ నీ చీటీలో ఎవరెవర్ని కొట్టేసిందో చెప్పిందా?”

సాయంత్రానికి జవాబొచ్చింది. “అడగలేదు బాక్. పచ్చడి ఇంకోసారి వచ్చేటప్పుడు తెమ్మంది.”